లోతు కొలిచినవాడు

స్వతంత్ర భారత నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి. 1911లో చెంగల్పట్టులో పుట్టాడు. సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ హైస్కూల్లో చదువుకున్నాడు, 1983లో సికింద్రాబాద్‌లోనే కన్నుమూశాడు. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన విశాఖపట్నంలో కూడా ఆయన పేరెత్తితే ‘ఎవరాయన?’ అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆయనకు అన్యాయం జరిగిందా, లేక జనం సరిగానే మరిచిపోయారా అన్నది వాదించదగ్గ ప్రశ్న. ఈ సంవాదం ఫలానా రోజున జరిగిందని నేను అనడం లేదు. రెండు పక్షాలనూ ఇద్దరి నోట పెట్టానంతే. ఒకరు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, రెండోవారు మరబోటు నడిపే డ్రైవరు. చోటు ఫిషింగ్ హార్బర్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో బోట్లన్నీ జెట్టీల దగ్గర ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. వేలంపాటల కేకలు తగ్గుతాయి, ఐసు లారీల రాకపోకలు తగ్గుతాయి. వలలు అల్లుకుంటూ, ఇంజన్లు విప్పుకుంటూ తీరిగ్గా మాట్లాడుకునే కాలం అదొక్కటే. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనుంచి లోపలి రేవుకు వెళ్ళే యుద్ధనౌకలు. నౌకాదళం సంగతి తేల్చుకోవడానికి ఊళ్ళో ఇంతకంటే తగిన చోటు లేదు.

డ్రైవరు: మాస్టారూ, మీరు చెప్పే పేరు నేను విన్నది లేదు. వినకపోవడం నా తప్పంటారా? బీచి రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ పెట్టారు, అక్కడే 1971 యుద్ధానికి గుర్తుగా విక్టరీ ఎట్ సీ స్తూపం కట్టారు. నేవీ డే అంటే ఊరంతా బీచికి తరలిపోతుంది. అప్పట్లో తూర్పు కమాండ్ నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ పేరు నలుగురూ చెప్పుకుంటారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునిగిన కథ మా పేటల్లో ఇంకా బతికే ఉంది, ఎందుకంటే నీళ్ళ మీద తేలిన దాని శకలాలు చూసినవాళ్ళలో వేటకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. జనం ఎవర్ని పడితే వాళ్ళని గుర్తుపెట్టుకోరు, ఏదో చేసి చూపించినవాణ్ణి పెట్టుకుంటారు. యుద్ధం జరిగినప్పుడు ముందు నిలబడ్డవాడు నావికుడు. కుర్చీలో కూర్చుని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టినవాడు పెద్ద ఉద్యోగి. ఆయన్ని నేను తక్కువ చెయ్యను. ఆయన ఏ యుద్ధం గెలిచాడు అని మాత్రం అడుగుతాను.

మాస్టారు: అడగాల్సిన ప్రశ్నే బాబూ. కాని దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. కృష్ణన్ చేతికి అందిన నౌకాదళాన్ని ఎవరు తయారుచేశారు? యుద్ధం కొద్ది రోజుల పని, దాని వెనక పాతికేళ్ళ పని ఉంటుంది. కటారి ఆ పాతికేళ్ళ మనిషి. ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో చూడు. 1927లో బొంబాయిలో డఫరిన్ అనే ఓడ మీద శిక్షణ బడి పెట్టారు. అది యుద్ధనౌకల కోసం కాదు, సరుకుల ఓడలకు భారతీయ అధికారులను తయారుచెయ్యడానికి. మొదటి బ్యాచిలో చేరిన కుర్రాళ్ళలో కటారి ఒకడు. యుద్ధనౌకల వైపు వెళ్దామంటే దారే లేదు. అప్పటి నౌకాదళంలో ఒక భారతీయుడికి మొట్టమొదట కమిషన్ దొరికింది 1928లో, అదీ డి.ఎన్. ముఖర్జీకి ఇంజనీరు అధికారిగా. ఓడ నడిపించే అధికారి కావాలనుకున్న పదహారేళ్ళ సికింద్రాబాద్ కుర్రాడికి తెరిచి ఉన్న తలుపు డఫరిన్ ఒక్కటే. సముద్రమే కనపడని ఊరినుంచి వెళ్ళినవాడు ఆ తలుపులోంచి దూరాడు. శిక్షణ ముగించుకుని బయటికొచ్చాక ఆయనకు దొరికిన పని కలకత్తా పోర్టు కమిషనర్ల దగ్గర, హుగ్లీ నది సర్వేలో.

డ్రైవరు: అదే చెప్తున్నా. నది సర్వే నేవీ పనెలా అవుతుంది? లోతు చూడ్డానికి నా బోటులో ఎకో సౌండర్ ఉంది, దారికి జీపీఎస్ ఉంది. మీట నొక్కితే తెర మీద అంకె వస్తుంది. ఆ పని చేసినందుకు ఎవరూ నాకు సలాం కొట్టరు.

మాస్టారు: నీ తెర మీద అంకె ఊరికే రాదు. దాని వెనక వందేళ్ళుగా నీళ్ళలో తాళ్ళు దించినవాళ్ళ చాకిరీ ఉంది. ఆ రోజుల్లో లోతు చూడాలంటే తాడు చివర సీసపు గుండు కట్టి దించేవాళ్ళు. తాడు మీద కొలతకు గుర్తులుండేవి. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు పూసేవాళ్ళు. నేలకు తగిలినప్పుడు అక్కడున్నది ఇసుకైతే ఇసుక, బురదైతే బురద, గవ్వపెంకులైతే పెంకులు ఆ కొవ్వుకు అంటుకుని పైకొచ్చేవి. లోతు ఒక్కటే కాదు, లంగరు పట్టే నేలా కాదా అన్నది కూడా దాంతో తేలిపోయేది. హుగ్లీలో ఈ పని మామూలుది కాదు. నది ఏటా తన దారి మార్చుకుంటుంది. నిరుడు ఓడ పోయిన చోట ఈ ఏడు ఇసుక మేట లేస్తుంది. జేమ్స్ అండ్ మేరీ అనే మేట దగ్గర ఇరుక్కున్న ఓడలు చూస్తుండగానే పక్కకు ఒరిగి మునిగిపోయేవి. అక్కడ కొలతలో పొరపాటు చేస్తే కలకత్తా రేవుకు వచ్చే ఓడ ఆగిపోతుంది. ఒక కుర్ర అధికారికి నీటిని నమ్మకూడదని, నిన్నటి పటాన్ని కూడా నమ్మకూడదని నేర్పే బడి అంతకంటే వేరే ఏముంటుంది?

ఇక అది యుద్ధానికి పనికొస్తుందా అంటావా, మన ఊరి యుద్ధమే సాక్ష్యం. 1804 సెప్టెంబరు 15న ఈ తీరంలోనే ఫ్రెంచి అడ్మిరల్ లినోవా మూడు ఓడలతో వచ్చి పడ్డాడు. అందులో మారెంగో 74 ఫిరంగుల ఓడ. రేవులో ఉన్న ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్‌కు ఉన్నవి 50 ఫిరంగులే, దాని కెప్టెన్ లిండ్ దాడి మొదలయ్యేసరికి ఒడ్డున ఉన్నాడు. లెక్క ప్రకారం అది పట్టుబడాలి. పట్టుబడలేదు. లంగరు తాడు తెగి ఒడ్డు వైపు కొట్టుకుపోయిన సెంచూరియన్ మెరక వెనక్కి చేరింది, లోతు తెలియని ఆ చోటికి తన పెద్ద ఓడను తేవడానికి లినోవా జంకాడు. అక్కడున్న రెండు వర్తక ఓడల్లో ఒకటి పట్టుబడింది, రెండోది ఒడ్డుకెక్కి బద్దలైంది, కాని యుద్ధనౌక మాత్రం దక్కింది. ఫిరంగుల లెక్కను ఇసుక మేట తారుమారు చేసింది. ఆ మేట ఎక్కడుందో ముందే కొలిచి పెట్టుకున్నవాడికి ఇరవై నాలుగు ఫిరంగులు అదనంగా ఉన్నట్టే.

ఇక్కడ నేను ఒక మాట కలుపుతాను. విశాఖ రేవు పుట్టుకే మాస్టారి వాదానికి మద్దతిస్తుంది. ఈ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూనే ఉంటుంది. 1933లో లోపలి రేవు తెరిచినప్పుడు, రేవు నోరు ఆ ఇసుకతో పూడిపోకుండా జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను తెచ్చి కావాలనే ముంచారు. తవ్వోడలు ఈనాటికీ అక్కడ తవ్వుతూనే ఉన్నాయి, తవ్విన ఇసుకను ఆర్కే బీచికి తోడుతున్నారు. ఇసుకతో ఇంత పోరు జరిగే ఊళ్ళో సర్వే పనిని తేలిగ్గా తీసిపారెయ్యడం కుదరదు. కాని డ్రైవరు ప్రశ్న దానితో తీరిపోలేదు. నీటి విద్య ఒకటి, సైన్యాన్ని నడిపించే అర్హత ఇంకొకటి.

డ్రైవరు: సరే, నీళ్ళు తెలిసినవాడే అనుకుందాం. కాని పైకి ఎలా ఎక్కాడు? 1939లో యుద్ధం వచ్చింది, బ్రిటిష్ వాళ్ళకు మనుషులు కావాలి, ఈయన వాలంటీర్ రిజర్వులో చేరాడు. 1947లో వాళ్ళు మూటాముల్లే సర్దుకున్నారు, కుర్చీలు ఖాళీ అయ్యాయి. ముందు వరసలో ఉన్నవాడు కూర్చున్నాడు. బస్సులో సీటు ఖాళీ అయితే పక్కన నిలబడ్డవాడికి దొరుకుతుంది. అది అతని గొప్పతనమా?

మాస్టారు: నీ మాటే నిజమైతే కటారి 1947లోనే అధిపతి కావాలి. తేదీలు చూడు. ఆర్మీకి భారతీయుడైన కరియప్ప 1949 జనవరిలో అధిపతి అయ్యాడు. ఎయిర్ ఫోర్సుకు సుబ్రతో ముఖర్జీ 1954 ఏప్రిల్‌లో. నేవీకి కటారి 1958 ఏప్రిల్ 22న. స్వాతంత్ర్యం వచ్చిన పదకొండేళ్ళ దాకా హాల్, ప్యారీ, పిజీ, కార్లిల్ అని నలుగురు బ్రిటిష్ అడ్మిరళ్ళే మన నౌకాదళాన్ని నడిపారు. కుర్చీ ఖాళీ అయి కూర్చోబెట్టలేదు, కూర్చోగలిగినవాడు తయారయ్యేదాకా ఆపారు. ఆర్మీలో భారతీయులకు కమిషన్లు మొదటి ప్రపంచ యుద్ధం తరవాతే మొదలయ్యాయి కాబట్టి 1949కి పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు దొరికారు. నేవీలో ఆ లెక్క ఆలస్యంగా మొదలైంది. నీ బోటు సంగతే చెప్పు. కలాసీగా ఎక్కి, వల లాగి, ఐసు కొట్టి, గట్టు కనపడని రాత్రుళ్ళు నిద్ర లేకుండా గడిపాకే ఒకడి చేతికి స్టీరింగ్ ఇస్తారు కదా. యజమాని కొడుకైనా మొదటి ట్రిప్పులోనే ఇచ్చేస్తే మిగతావాళ్ళు బోటెక్కరు. కటారి రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్‌లో పనిచేశాడు, జలాంతర్గాములను వేటాడే విద్యలో నిపుణుడయ్యాడు, స్వాతంత్ర్యం తరవాత ఒక్కో మెట్టూ ఎక్కాడు. 1956లో ఇండియన్ ఫ్లీట్‌కు కమాండరయ్యాడు, ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. దాని తరవాతే అధిపతి. రిజర్వులోంచి వచ్చినవాడు రెగ్యులర్ వాళ్ళను దాటుకుని ఇక్కడిదాకా వచ్చాడంటే నీ బస్సు సీటు లెక్క సరిపోదు.

డ్రైవరు: దాన్ని మీరు గొప్పగా చెప్తున్నారు, నాకైతే సిగ్గుగా ఉంది. దేశం మనదయ్యాక పదకొండేళ్ళు పరాయివాడి చేతికింద యుద్ధనౌకలు పెట్టుకోవడం ఏమిటండీ? అమెరికా వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళతో పోరాడే కదా స్వతంత్రం తెచ్చుకున్నారు. వాళ్ళు మళ్ళీ వాళ్ళనే పిలిచి అడ్మిరల్ చేశారా?

మాస్టారు: చెయ్యలేదు. ఇంకా పెద్ద పొరపాటు చేశారు. యుద్ధం అయిపోయాక ఖర్చు దండగని ఉన్న ఓడలు అమ్మేశారు. అలయన్స్ అనే చివరి యుద్ధనౌకను 1785లో అమ్మారు. అదే ఏడు అల్జీర్స్ ఓడదొంగలు అమెరికా వర్తక ఓడలు రెండింటిని పట్టుకుని, మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్నారు. వాళ్ళలో బతికున్నవాళ్ళు ఇంటికి రావడానికి పదేళ్ళు దాటింది. ఆ దెబ్బలు తిన్నాకే 1794లో ఆరు యుద్ధనౌకలు కట్టాలని చట్టం చేశారు. అప్పుడు వాళ్ళకు కావలసి వచ్చినవాడు జాన్ బ్యారీ. ఐర్లాండులో పుట్టి, ఫిలడెల్ఫియా వర్తక ఓడల మీద పైకొచ్చినవాడు. స్వాతంత్ర్య పోరులో లెక్సింగ్టన్, రాలీ, అలయన్స్ నడిపాడు. కొత్త నౌకాదళంలో ఒకటో నంబరు కమిషన్ వాషింగ్టన్ చేతులమీదుగా ఆయనకే దక్కింది. బ్యారీ యుద్ధాలు చేశాడు, కాదనను. కాని నేవీ మళ్ళీ పుట్టాక ఆయన చేసిన అసలు పని చూడు. యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ కట్టడం దగ్గరుండి చూసుకున్నాడు, దాని మీద డికేటర్, స్టీవర్ట్, సోమర్స్ లాంటి కుర్రాళ్ళను తీర్చిదిద్దాడు. 1803లో ఆయన పోయాక ట్రిపోలీ యుద్ధంలో, ఆ తరవాత 1812 యుద్ధంలో పేరు తెచ్చుకున్నది ఆ కుర్రాళ్ళే. అమెరికా తన నౌకాదళాన్ని వదిలేసుకుని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టింది. మనం వదిలెయ్యలేదు. బ్రిటిష్ అధికారులను ఉంచుకున్నది సిగ్గుపడాల్సిన పనే అనుకో, కాని ఆ పదకొండేళ్ళలో ఒక్క ఏడాది కూడా మన తీరం నౌకాదళం లేకుండా లేదు.

డ్రైవరు: మీరు పోల్చిన బ్యారీ ఇంగ్లీషు వాళ్ళ మీద పోరాడినవాడు. మీ కటారి ఇంగ్లీషు వాళ్ళ తరఫున పోరాడినవాడు. అక్కడే ఉంది నా అసలు పట్టు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ స్థావరం నావికులు తిండి సరిగా లేదని, తెల్ల అధికారులు బూతులు తిడుతున్నారని సమ్మె మొదలుపెట్టారు. నాలుగు రోజుల్లో కరాచీ నుంచి మన విశాఖ దాకా పాకింది. ఓడల మీద జెండాలు మార్చారు. వాళ్ళు డెక్కు కడిగేవాళ్ళు, వైర్‌లెస్ కుర్రాళ్ళు, బాయిలర్ దగ్గర చెమటోడ్చేవాళ్ళు, అంటే మా కలాసీల్లాంటివాళ్ళు. నౌకాదళం మనదవ్వాలని తుపాకీకి ఎదురు నిలబడ్డది వాళ్ళు. ఉద్యోగాలు పోగొట్టుకున్నది వాళ్ళు. నేను విన్నది నిజమైతే స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్ళను తిరిగి తీసుకోలేదు. కమిషన్లు ఉన్న అధికారులు మాత్రం మెట్టు మెట్టూ ఎక్కి వైస్ అడ్మిరళ్ళయ్యారు. మరి భారత నౌకాదళాన్ని పుట్టించినవాడు ఎవడు మాస్టారూ?

మాస్టారు: తిరిగి తీసుకోలేదన్నది నిజమే. ఇటు భారత నేవీ తీసుకోలేదు, అటు పాకిస్తాన్ నేవీ తీసుకోలేదు. క్రమశిక్షణ తప్పినవాళ్ళను చేర్చుకుంటే రేపు మన ఆజ్ఞలూ పాటించరు అన్న భయం రెండు దేశాల్లోనూ ఒకటే. ఆ తీర్పు కఠినమైనదని నేనూ అంటాను. బ్రిటిష్ ప్రభుత్వం తన సైన్యాన్ని తానే నమ్మలేని స్థితి తెచ్చింది ఆ కుర్రాళ్ళే. కాని దాన్నిబట్టి అధికారి చేసిన పని విలువలేనిది అయిపోదు. నావికుల తిరుగుబాటు ఈ ఓడలు ఎవరివన్న ప్రశ్న వేసింది. జవాబు వచ్చిన మర్నాడు ఆ ఓడలు నడిపేదెవరు, కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చేదెవరు, రేపటి జలాంతర్గామిని పట్టుకునే పద్ధతి తెలిసినవాడెవరు అన్న ఇంకో ప్రశ్న మిగిలింది. దానికి కటారి లాంటివాళ్ళే జవాబు. ఒక దేశానికి ఇద్దరూ కావలసివచ్చారు. ఒకర్ని మాత్రమే ఉంచుకోవడం దేశం చేసిన తప్పు, ఉండిపోయినవాడి తప్పు కాదు.

మాస్టారు ఇక్కడ తెలివిగా జవాబిచ్చారు, కాని పూర్తిగా కాదు. అధికారుల జ్ఞాపకాలు పుస్తకాలుగా వచ్చాయి, కటారిదే ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ 1982లో వచ్చింది. ఓడ అడుగున పనిచేసినవాళ్ళు రాసిన పుస్తకాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నౌకాదళ చరిత్ర పై డెక్కు మీదనుంచే కనపడుతున్నదన్న డ్రైవరు ఫిర్యాదుకు మాస్టారి దగ్గర మందు లేదు. అయితే ఆ ఫిర్యాదు చరిత్ర రాసేవాళ్ళ మీద, కటారి మీద కాదు. ఈ తేడా డ్రైవరుకూ తెలుసు, అందుకే పట్టు మార్చాడు.

డ్రైవరు: సరే, కుర్చీలో కూర్చున్న నాలుగేళ్ళూ ఏం చేశాడో చెప్పండి. గోవా అంటారు, విమానవాహక నౌక విక్రాంత్ అంటారు. విక్రాంత్‌ను కొనాలని తేల్చుకున్నది 1957లో, అప్పుడు అధిపతి కార్లిల్. దాన్ని యుద్ధంలో వాడింది 1971లో, అప్పుడు అధిపతి నందా. కొన్నది ఒకరు, పోరాడింది ఒకరు, మధ్యలో ఈయన. గోవాలో ఎదురుగా నిలిచింది ఒక్క పాత పోర్చుగీసు ఓడ. దాన్ని కొట్టడం కూడా యుద్ధమేనా?

మాస్టారు: మధ్యలో ఉన్నవాడి పనే కష్టం బాబూ, కనపడనిదీ అదే. కొనాలని సంతకం పెట్టిన రోజుకి విక్రాంత్ పూర్తి కాకుండా వదిలేసిన ఓడ. 1961 మార్చి 4న అది నౌకాదళంలో చేరింది, నవంబరులో బొంబాయి చేరింది. ఆ నాలుగేళ్ళలో విమానాన్ని ఊగే డెక్కు మీద దించగల పైలట్లు కావాలి, వాళ్ళకు సీ హాక్, అలిజే విమానాలు కావాలి, వాటికి మెకానిక్కులు కావాలి, వెయ్యిమందికి పైగా సిబ్బంది కావాలి. అప్పటికి ఆసియాలో ఇంకే దేశం దగ్గరా లేని రకం ఓడను నడపడం నేర్పించాలి. పాత క్రూయిజర్ల నౌకాదళాన్ని విమానాలతో పనిచేసే నౌకాదళంగా మార్చిన కాలం సరిగ్గా కటారి కాలం. బియాస్, బేత్వా లాంటి కొత్త ఫ్రిగేట్లు చేరింది కూడా ఆ రోజుల్లోనే. యుద్ధనౌకలు కట్టడానికి బొంబాయి మజగావ్ డాక్‌ను, కలకత్తా గార్డెన్ రీచ్‌ను ప్రభుత్వం 1960లో తీసుకుంది. వీటిలో ప్రతిదీ కటారి ఒక్కడి ఆలోచన అని నేను చెప్పను. నెహ్రూ ఉన్నాడు, రక్షణ మంత్రి కృష్ణ మీనన్ ఉన్నాడు. కాని వాళ్ళ నిర్ణయాన్ని నీళ్ళ మీద తేలే వస్తువుగా మార్చాల్సింది నౌకాదళం నడిపేవాడు. 1971 డిసెంబరులో విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదికి లేచినప్పుడు వాటి వెనక ఉన్న పదేళ్ళ అనుభవం పైనుంచి రాలిపడింది కాదు.

గోవా సంగతి. 1961 డిసెంబరు 18న మర్మగోవా దగ్గర బేత్వా, బియాస్ కలిసి అఫోన్సో ద అల్బుకెర్క్‌ను పనికిరాకుండా చేశాయి. అది పెద్ద పోరు కాదు, నిజమే. కాని అంజిదీవ్ చూడు. చిన్న ద్వీపం, తేలిగ్గా దిగొచ్చని మన నావికులు దిగారు. లొంగిపోయినట్టు తెల్లజెండా ఎత్తారని చూసి ముందుకెళ్తే కాల్పులు మొదలయ్యాయి. మనవాళ్ళు ఏడుగురు చనిపోయారు. స్వతంత్ర భారత నౌకాదళం శత్రువు తూటాకు మనుషుల్ని పోగొట్టుకున్న మొదటి సందర్భాల్లో అది ఒకటి. ఒడ్డుకు దిగడం నేర్పని నౌకాదళం ఎంత మూల్యం చెల్లిస్తుందో ఆ చిన్న ద్వీపం చూపించింది. అధిపతి కుర్చీలో కూర్చున్నవాడికి ఆ ఏడు పేర్లూ ఒక విజయం కంటే బరువైనవే.

డ్రైవరు: మీరే ఒప్పుకున్నారు, ఏడుగురు పోయారని. ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. రంగూన్‌లో తరతరాలుగా ఓడల మీద, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మన ఉత్తరాంధ్ర వాళ్ళు ఆస్తులు వదిలేసి కట్టుబట్టలతో తిరిగొచ్చిన చోటు అది. ఎక్కువమంది వచ్చింది 1964 తరవాత. అప్పుడు బర్మాలో మన రాయబారి ఎవరు? మీ కటారే కదా. సముద్రం తెలిసినవాడు, సముద్రం మీద బతికినవాళ్ళకు ఏం చేశాడు?

మాస్టారు: 1964 నుంచి 1969 దాకా ఆయనే రాయబారి, నీ లెక్క సరిపోయింది. కాని ఆ గండం ఆయన తెచ్చింది కాదు. 1962లో నె విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు, ఆ తరవాత దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాడు. ఇంకో దేశం తన చట్టంతో వాళ్ళ ఆస్తి లాక్కుంటే మన రాయబారి దాన్ని ఆపలేడు. చెయ్యగలిగింది మనుషుల్ని ప్రాణాలతో ఇంటికి చేర్చడం, ఓడలు నడిచేలా చూడడం, వాళ్ళు వదిలి వచ్చిన దాని గురించి అడుగుతూ ఉండడం. ఆ ఓడలు మద్రాసుకూ విశాఖకూ వచ్చాయి. వచ్చినవాళ్ళకు ఏ రేవులో దిగామన్నదే గుర్తుంటుంది, ఎవరు ఏర్పాటు చేశారన్నది గుర్తుండదు. అందులో కటారి వంతు ఎంతో లెక్కకట్టి ఆయన గొప్పతనానికి కలపను, ఆయన మీద నేరంగానూ రాయను. ఆయన జీవితంలో విచిత్రమైన సంగతి ఇంకోటుంది. నౌకాదళం నుంచి దిగిపోయాక, బర్మా వెళ్ళక ముందు, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ చైర్మన్‌గా పనిచేశాడు. విమానవాహక నౌకను తెచ్చుకున్నవాడు సిటీ బస్సుల టైములు చూశాడు. నువ్విందాక బస్సు సీటు అన్నావు చూడు, ఆ సీటు కూడా ఆయన చూసుకున్నదే.

డ్రైవరు: ఆ మాటకు నవ్వొచ్చింది గానీ వాదం తేలలేదు. ఆయన పనిమంతుడని ఒప్పుకుంటాను. నీళ్ళు తెలిసినవాడని ఒప్పుకుంటాను. కాని పూర్తి అడ్మిరల్ కూడా కాలేదు కదా? వైస్ అడ్మిరల్ దగ్గరే ఆగిపోయాడు.

మాస్టారు: ఆయన కాలంలో ఆ పదవికి అంతే హోదా. నౌకాదళాధిపతికి పూర్తి అడ్మిరల్ హోదా ఇచ్చింది 1968లో. ఆ ఏడు మార్చి ఒకటినే మన విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. రిజర్వులోంచి వచ్చిన అధికారి ఆ మెట్టు దాకా వచ్చాడు, మెట్టు ఎత్తు పెంచింది తరవాత. అది కూడా ఆయన తప్పే అంటావా?

డ్రైవరు: అనను. ఒక్క లెక్క చెప్పండి, దాంతో వదిలేస్తాను. ఆయన ఉన్నాడా లేడా అన్నది తరవాత వచ్చినవాళ్ళకు ఏం తేడా తెచ్చింది? మా జెట్టీలో మంచి డ్రైవరు చనిపోతే బోటు ఆగదు, కాని చెడ్డ డ్రైవరు చేతికింద పెరిగిన కలాసీలు పదేళ్ళు పనికిరారు.

మాస్టారు: 1962 జూన్ 4న ఆయన భాస్కర్ సోమన్‌కు బాధ్యత అప్పగించాడు. ఆయనకు ముందు పదకొండేళ్ళు అధిపతి మారినప్పుడల్లా లండన్ వైపు చూసిన నౌకాదళం, సోమన్ తరవాత చటర్జీకి, చటర్జీ తరవాత నందాకు చేతులు మారింది. ఎవరినీ బయటినుంచి అడగలేదు. 1965లో యుద్ధం వచ్చింది, 1971లో వచ్చింది. రెండుసార్లూ పెద్ద నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఆయన కిందా ఆయన పక్కనా పనిచేసి పైకొచ్చినవాళ్ళే.

డ్రైవరు: అయితే ఆయన పేరు మీ పాఠాల్లో చెప్పండి, నేను అడ్డుపడను. కాని ఆ పాఠంలోనే 1946 కుర్రాళ్ళనీ పెట్టండి, ముందు వాళ్ళనే పెట్టండి. కుర్రాళ్ళు ముందా, కటారి ముందా అన్నదాని మీద మనకు సయోధ్య కుదిరేలా లేదు.

మాస్టారు: కుదరదు. నేను కటారి ముందే అంటాను.